అప్పలనాయుడు మావయ్యకు నేను పెట్టిన ఆశ

నా నోటి దురద వల్ల ఒక మంచి మనిషి చెయ్యి పాడైంది. నవ్వకుండా వినమని అడగను, నవ్వొచ్చే చోట్లు ఉన్నాయి. అక్కడ నవ్వేసి, చివర్లో నన్ను నాలుగు తిట్టండి చాలు.

అప్పటికి నేను మా ఊరు ఖరగ్‌పూర్‌లోనే ఒక ప్రయోగశాలలో పరిశోధనకు చేరి ఏడాది కాలేదు. మనుషుల చర్మకణాల నుంచి మెదడు కణజాలాన్ని పెంచి, అందులో నరాల పోగులను తెంచి, అవి మళ్లీ ఎదుగుతాయా అని చూడటం మా పని. ఎక్కువగా ఎదగవు. ఆ వారం మాత్రం ఒక పోగు ఎదిగింది, సూక్ష్మదర్శినిలో తప్ప కనబడనంత. నేనేమో రైలింజను కనిపెట్టినదానిలా మా తెలుగువాళ్ల రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో దిగాను.

గుడి అరుగు మీద మా పక్క క్వార్టరు అప్పలనాయుడు మావయ్య కనిపించాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కొద్దివారాల క్రితమే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అత్త కలిపి పెడితేనే అన్నం. అది ఆయనకు చచ్చేంత సిగ్గు. అందుకే ఇందా పేట నుంచి వచ్చే ఫిజియోథెరపీ దీదీ చెప్పినట్టు ఎప్పుడూ రబ్బరు బంతి నొక్కుతూ ఉండేవాడు.

"ఏటే గుంటా, ఆ లేబులో ఏటి సేస్తన్నావు?"

"మెదడు పెంచుతన్నాం మావయ్యా! తెగిన నరాలు మళ్లీ మొలిసేస్తన్నాయి!"

బంతి నొక్కడం ఆగింది. "నిజమేనేటి?"

"నా కళ్లతో సూసినాను."

"ఎంతుంటాదే ఆ మెదడు?"

"పెసరగింజంత."

"సాలు. నానేటి కలెక్టరు పని సేస్తానా?"

ఇద్దరం పగలబడి నవ్వాం. నేను వేళాకోళం అనుకున్నాను. ఆయన అనుకోలేదు.

కొన్ని నెలలకు మా ప్రయోగశాల గేటు దగ్గరి కాపలా దాదా ఫోన్ చేశాడు. "దీదీ, ఆప్‌కే మామా ఆయే హై. టిఫిన్ క్యారియర్ లేకే."

పరుగెత్తాను. మావయ్య ఇస్త్రీ చొక్కాలో, గుళ్లో పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు. ఎడమచేత్తో క్యారియర్ మూత తీశాడు. నిండా ఐసు ముక్కలు, పైన తులసి రెబ్బ.

"ఆ పెసరగింజ ఇందులో ఎట్టీ అమ్మా. బేగి డాక్టరు కాడికి అట్టుకెళ్లిపోతాను."

దాదా ముఖం తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. నాకూ నవ్వొచ్చింది, ఆయన కుడిచెయ్యి చూసేదాకా. వేళ్లు ముడుచుకుని బిగుసుకుపోయాయి.

"బంతి నొక్కడం లేదా మావయ్యా?"

"ఎప్పుడో మానేసినాను. కొత్త మెదడొస్తంటే పాత సెయ్యిని ఇసిగించడం దేనికి?"

ఇక చెప్పక తప్పలేదు. "అది మనిషికి పెట్టేది కాదు మావయ్యా. గాజు పళ్లెంలో పెట్టి సూసేదే. మందవుతాదో అవదో మాకే తెలీదు."

"మరి మొలిసిందన్నావు?"

"ఒక్కటే మొలిసింది."

ఆయన మెల్లగా మూత పెట్టాడు. "ఆ ఒక్కటే అని సెప్పవలసిందే గుంటా."

అంతే. క్యారియర్ పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఫిజియోథెరపీ దీదీ మాత్రం నన్ను బెంగాలీలో, హిందీలో కడిగేసింది. మొదటి నెలల్లో చేసిన సాధనే అన్నిటికంటే పనిచేస్తుందట, ఆ నెలలేమో నా గొప్పలకు పోయాయి. ఆ తర్వాత రోజూ సాయంత్రం పక్కన కూర్చుని బంతి నొక్కించాను. ఇప్పుడు చెంచా పట్టుకుంటాడు. అన్నం కలుపుకోవడం మాత్రం రాలేదు. పైగా వచ్చినవాళ్లందరికీ, "మా గుంటే దగ్గరుండి సేయించింది" అని నన్ను మెచ్చుకుంటాడు. అది వింటే నాకు ముద్ద దిగదు.

కాబట్టి సకల దేవతల సాక్షిగా, ప్రయోగశాల కాపలా దాదా సాక్షిగా శపథం చేశాను. నా పరిశోధన గురించి ఎవరడిగినా 'ఇంకా తెలీదు' అన్న రెండు మాటలు దాటను.

మొన్న మలంచా వెళ్లే ఆటోలో, అమ్మ నా పరిశోధన గురించి చెప్పగానే పక్కన కూర్చున్న ఒకావిడ అడిగింది. "అయితే నరాలు మొలుస్తాయేటమ్మా?"

"ఇంకా తెలీదండి."

"ఎన్నాళ్లయింది సదవబట్టి?"

"చాలా ఏళ్లండి."

ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని జాలిగా అంది. "బెంగెట్టుకోకమ్మా. అందరికీ సదువు అబ్బదు."

అమ్మ నా డొక్కలో మోచేత్తో పొడిచింది. నేను నోరు తెరవలేదు.