బయటి తాళం, లోపలి గడియ

పాత వ్యాన్‌ల మంచం, పొయ్యి పెట్టించి, నేనూ మా ఇంటామె దాన్నే తిరిగే ఇల్లు చేసుకున్నం. దొంగల ఫికర్‌తోటి ఇబ్రహీంపట్నంల తలుపుకు లోపల ఇంకో గడియ, బయట ఇంకో తాళం పెట్టించిన.

మొదటిసారి బయలుదేరి హయత్‌నగర్ కాడ చాయ్‌కి ఆగినం. నేను ముందు దిగి, కొత్త తాళం మోజుల తలుపు మూసి టక్కున వేసిన. మా ఇంటామె ఇంక లోపలనే ఉన్నది, తాళంచెవి ఆమె సంచిల ఉన్నది.

"నేను దొంగ లెక్క కనవడ్తున్ననా?" అని కిటికీలకెల్లి అరిచింది. చాయ్ తాగేటోళ్లంతా మా దిక్కే తిరిగిండ్రు.

"జర చెవి ఇయ్యి" అని బతిమాలితే ఇచ్చింది. తాళం తీసి నూకిన గని తలుపు కదల్లేదు. కోపంల లోపలి గడియ పెట్టుకున్నది.

"గడియ మస్తు గట్టిగున్నది. పో, చాయ్ తే" అన్నది.

కిటికీలకెల్లే అందించిన. రెండు గ్లాసులు తాగినంక నవ్వుకుంట తలుపు తీసింది.