నవ్వకుండా ఒక్కసారి

పూతలపట్టు దాటాక ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. సీజన్‌లో దాని గేటు ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు రెండు రోజులైనా వరుసలో నిలబడాల్సిందే. డ్రైవర్లందరూ ముందుకు జరగడానికి కొట్లాడుకునేవాళ్లు. నేనొక్కడినే వెనకున్నవాడిని పిలిచి, "పోప్పా, నువ్వే ముందు పో" అనేవాడిని. లోపల కాయలు కోసే ఒకమ్మాయి షిఫ్టు దిగి బయటికి వచ్చేదాకా నాకు అక్కడే పని. కాయలు మెత్తబడుతున్నాయని రైతు తిట్టేవాడు.

"నేనూ మెత్తబడతా ఉండాను. నన్నెవరూ తూకానికెయ్యరే!" అనేవాడిని.

ఏడో తరగతిలోనే బడి మానేసిన నాకు వచ్చిన విద్య నవ్వించడమొక్కటే. ఆమె గేటు దాటగానే మొదలుపెడితే, బస్సు వచ్చేదాకా నవ్వుతూనే ఉండేది.

ఒక ఆదివారం తిరుపతికి రమ్మన్నాను. మధ్యాహ్నం దాకా బస్టాండులో కూర్చున్నాను. రాలేదు. ఇంకోసారి వడమాలపేటలో మా అక్క కూతురికి చెవులు కుట్టిస్తుంటే రమ్మన్నాను. భోజనాల్లో ఒక ఆకు ఎక్కువ వేయించాను. చివరికి దాంట్లో మా బావ తిన్నాడు. ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. ప్రతిదాన్నీ తోటి డ్రైవర్లకు కథగా చెప్పి నవ్వించేవాడిని. వాళ్లు నవ్వినంతసేపూ బాగానే ఉండేది. ఇంటికి పోయాక అన్నం దిగేది కాదు.

సీజన్ చివరి రోజు ఆమే నా ట్రాక్టరు దగ్గరికి వచ్చింది.

"రేపట్నుంచి రానప్పా. మా నాయన సంబంధం చూసినాడు."

"తిరుపతికి ఎందుకు రాలేదు? బస్టాండులో పొద్దు తిరిగేదాకా కూర్చుంటిని."

ఆమె మొహం మారిపోయింది. "నిజంగా కూర్చున్నావా? ఎగతాళికి అన్నావనుకొంటినే!"

"వడమాలపేటకు?"

"అదీ అట్లనే అనుకొంటి. గేటుకాడ వాచ్‌మన్ తాతను కూడా నన్ను పెండ్లి చేసుకోమంటావు గదా! నీ మాటల్లో ఏది నమ్మేది?"

మలుపులో బస్సు కనబడింది.

"నవ్వకుండా ఒక్కసారి చెప్పు. నేనంటే ఇష్టమా? ఔనంటే మా నాయనతో నేను మాట్లాడుకుంటా."

ఔననే మాట నాలుక మీదే ఉంది. ఆమె అంత నిలకడగా నన్ను ఎప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది.

"నాకంటే ఈ ట్రాక్టరుకు నువ్వంటే ఎక్కువ ఇష్టం. దీన్ని చేసుకో" అన్నాను.

ఆమె నవ్వలేదు. బస్సెక్కింది. నా వైపు కిటికీ దగ్గర సీటు ఖాళీగానే ఉంది. ఆమె దాన్ని దాటుకొని అవతలి వైపు పోయి కూర్చుంది.