నిద్రపోయేవాళ్లను చూసే డాక్టరు

మా డాక్టరు కామరాజు గారికి ఒకటే పిచ్చి. నిద్రపోయే మనుషుల్ని దగ్గరగా వంగి చూడటం. పెద్దపల్లి బస్సులో పక్క సీటువాడు కునుకు తీస్తే చాలు, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరకు వెళ్లి రెప్పలు చూసేవారు. వాడు కళ్లు తెరిచేసరికి ఎదురుగా తెల్లజుట్టు, మందపాటి కళ్లద్దాలు, వాటి వెనుక కదలని రెండు గుడ్లు. ఒకసారి ఓ సిమెంటు లారీ డ్రైవరు అలా లేచి, తన ఊరు రాకముందే బసంత్‌నగర్‌లో దిగి పరుగెత్తాడు.

"భయపెట్టేశారు కదా సార్" అన్నాను.

"భయమెందుకు సిస్టర్? రెప్పలు ఎంత చక్కగా మూసుకున్నాయో!"

ఆయనది కాకినాడ వైపు. గోదావరిఖనిలో మేం పనిచేసే దవాఖానలో, కంటిరెప్ప చిరిగినా కాలినా పక్కనున్న చర్మం జరిపి కొత్త రెప్ప చేసేది ఆయనే. అయితే ఇది బొగ్గుగనుల్లో నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు తలుపులేసుకుని పడుకునే ఊరు. ఇలాంటి చోట ఇలాంటి పిచ్చి ఉంటే పుకార్లు ఊరుకుంటాయా? "పండుకున్నోళ్ల తోలు కొలుచుకుంటడట" అని మా వార్డు ఊడ్చే ఐలవ్వ, ఆయన ఎదురైతే కొంగు ముఖం మీదికి లాక్కునేది.

ఇలా ఉండగా రాయమల్లు వచ్చాడు. గని కార్మికుడు. బండి జారి ముళ్లకంచె మీద పడితే ఎడమకంటి కింది రెప్ప చాలావరకు పోయింది. గాయం మానేకొద్దీ మిగిలిన చర్మం కిందికి గుంజుకుపోయింది. ఆపరేషనంటే ఒప్పుకోలేదు.

"మూస్త సారూ, సూడుండ్రి" అని నుదురు, చెంప, మూతి అన్నీ ముడిచి కన్ను మూశాడు. "గింత దానికి కోసుడెందుకు?"

"మెలకువగా ఉన్న కన్ను మాట నేను నమ్మనండీ. పడుకున్నాక చూస్తాను."

రాయమల్లు నవ్వాడు. అతని భార్య లస్మవ్వ నవ్వలేదు. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మనిషి గుర్రుపెడ్తడు, గా కన్ను మాత్రం మూత పడదు. నేనెటు పోతే అటు సూస్తున్నట్టే ఉంటది. మా బిడ్డ సహస్ర ఆయన పండుకున్న అర్రలకే వస్తలేదు. నాయిన లేడు, కన్నొక్కటే ఉన్నదంటది."

నా వెనకే ఉన్న డాక్టరు గారు ఆ మాట విన్నారు. మర్నాటి నుంచి మధ్యాహ్నం కాగానే మాయమవడం మొదలైంది. తెచ్చుకున్న అన్నం డబ్బా టేబుల్ మీదే ఉండిపోయేది.

"రాయమల్లు ఇంట్ల మంచం పక్కన కూసుంటుండట. మాట లేదట, ముచ్చట లేదట" అంది ఐలవ్వ, గుండెలమీద చెయ్యి వేసుకుని.

ఒకరోజు పేషెంట్లు ఎదురుచూస్తున్నారు, ఆయన ఫోనెత్తలేదు. నేనే వెళ్లాను. ఎండలో కాలనీ మొత్తం శవంలా పడి ఉంది. దగ్గరగా వేసిన తలుపు తోశాను. కిటికీలకు నల్లదుప్పట్లు. ఆ చీకట్లో మొదట కనిపించింది కన్నే. తెరుచుకుని, తడిగా మెరుస్తూ, నన్నే చూస్తోంది. దానిమీదికి వంగి ఒక తల, ఊపిరి కూడా లేనట్టు. నాకు కేక రాబోయింది. ఆ తల పెదవి మీద వేలు పెట్టుకుంది.

"ష్... సిస్టర్, లేస్తారు."

"రాయమల్లా?"

"కాదు. ఆవిడ."

గోడవార చాప మీద లస్మవ్వ ఒళ్లు తెలియకుండా పడుకుని ఉంది. ఆయన చేతిలో చుక్కల మందు.

"నిద్రలో చాలామందికి గుడ్డు పైకి వెళ్లిపోతుంది. ఇతనికి వెళ్లదు. ఎండిపోయి పుండు పడితే చూపే పోతుంది. అందుకని ఈవిడ నిద్ర మానుకుని చుక్కలు వేస్తోంది" అని గుసగుసగా చెప్పి, కాస్త సిగ్గుపడ్డారు. "నాకెలాగూ నిద్రపోయేవాళ్లను చూడటం సరదాయే కదండీ."

మా మాటలకు రాయమల్లు లేచాడు. ఆయన ముఖం చూసి ఉలిక్కిపడ్డాడు. తర్వాత కింద పడుకున్న భార్యను చూశాడు.

"గిది పగటీలి పండుకుంటదా?"

"గాయమైన సెలవులో మీరు పగలూ రాత్రీ పడుకుంటున్నారు. మీ కన్ను మూతపడక, చుక్కలు వేస్తూ ఆవిడ రాత్రి కూడా పడుకోవడం లేదు కదండీ."

రాయమల్లు తన చెంప తడుముకున్నాడు. "చెంప తీసి కంటికి పెడ్తే, చెంపకేం పెడ్తరు సారూ?"

"తియ్యను, జరుపుతాను. చెవి దాకా చర్మం వదులు చేసి, రక్తం అందే వైపు తెంపకుండా పైకి తిప్పి కుడతాను. రెప్ప లోపలి పొరకు మీ పెదవి లోపలి పొర కాస్త, జారకుండా చెవిలోని మెత్తటి ఎముక కాస్త."

"అయితే జల్ది చెయ్యుండ్రి."

ఆపరేషన్ బాగా జరిగింది. వాపు తగ్గాక ఒక మధ్యాహ్నం నన్నూ వెంటబెట్టుకుని వెళ్లారు. రాయమల్లు నిద్రపోతున్నాడు, రెండు కళ్లూ మూసుకుని. సహస్ర గడప దగ్గర నిలబడి తండ్రి ముఖం చాలాసేపు చూసింది. మెల్లగా వచ్చి మంచం అంచున కూర్చుంది. డాక్టరు గారు తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలారు. క్షణంలో గురక!

చూస్తే ఆయన రెప్పలు సగమే మూసుకున్నాయి. మధ్యలోంచి తెల్లగుడ్లు మమ్మల్నే చూస్తున్నాయి.

సహస్ర బిగుసుకుపోయింది. "అమ్మా, సారు పండుకున్నడా, మనల సూస్తుండా?"

లస్మవ్వ ఫ్యానును ఆయన ముఖం మీంచి పక్కకు తిప్పింది.

"పండుకున్నడు బిడ్డా, సప్పుడు చెయ్యకు. పాపం, గీ సారుకు ఎవలు చేస్తరో ఆపరేషన్!"