ఊరికే కూర్చోవడం

ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ మా అక్క మోచేతులు, మణికట్లు వాచిపోయాయి. కండరాలు గట్టిపడాలని డాక్టరమ్మ బరువులెత్తే వ్యాయామం చెప్పింది.

"ఎత్తిన ప్రతిసారీ కాసేపు ఊరికే కూర్చోవాలి. లేకపోతే వాపు ఇంకా పెరుగుతుంది."

ఇంట్లో అక్క బరువులకి బదులు నీళ్ల సీసాలు ఎత్తి దించి, కుర్చీలో కూలబడింది.

"ఖాళీగానే ఉన్నావుగా, మా అమ్మని కాస్త లేపి కూర్చోబెట్టు," అన్నాడు బావ.

మంచం పట్టిన మనిషి, సీసా ఒకటేనా? ఆ మహానుభావుడి చేతిలోంచి రిమోట్ మాత్రం దిగలేదు. మళ్లీ కూర్చుంటే, కూతురు బట్టల బకెట్ మేడ మీదికి తెమ్మని కేకేసింది.

నెల తిరిగేసరికి అక్కకి పిడికిలి కూడా బిగియడం లేదు.

"వ్యాయామం కష్టంగా ఉందా?" అంది డాక్టరమ్మ.

"ఎత్తడం తేలికేనమ్మా. ఆ కూర్చోవడమే నావల్ల కావట్లేదు."

డాక్టరమ్మ చీటీ మీద రాస్తూ, సీసాల్లో నీళ్లు తగ్గించమంది.