గడ్డం గీసిన ఆకు

సెలూన్ వెనక గుమ్మానికీ ప్రహరీ గోడకీ మధ్య గరుకు నేల ముక్క ఒకటి ఉండేది. మధ్యాహ్నపు ఎండంతా అక్కడే కాపురం పెట్టేది. సెలూనాయన ఇల్లు ఆ దుకాణం మీదే కనక, మెట్లు దిగినప్పుడల్లా ఆ బోడి నేలే ఎదురయ్యేది. అందరి జుట్టూ చక్కదిద్దేవాడి పెరడు బట్టతలలా ఉందని బావమరిది ఎగతాళి చేసేవాడు. చేమంతులు వేస్తే మాడాయి. గడ్డి పరిస్తే ఎండింది.

బావమరిది బస్సు డ్రైవరు. చివరి స్టాపు దగ్గర ఎవరినో అడిగి, తడి కాగితంలో చుట్టిన మొక్క ఒకటి తెచ్చి ఇచ్చాడు. నేలబారుగా పాకుతుందట, ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉంటుందట. పేరు మాత్రం అతనికీ తెలియదు. బూడిదరంగు ఆకులు, వాటినిండా తెల్లటి నూగు. సెలూనాయన బొటనవేలితో నిమిరి చూశాడు. జీవితమంతా వెంట్రుకలు తాకిన వేళ్ళవి. ఇంత మెత్తదనం పసిపిల్లల తల మీద కూడా చూడలేదనిపించింది. ఆకుకి జుట్టెందుకు అన్న ప్రశ్న ఆ రోజే ఆయన బుర్రలో దూరింది.

ముద్దు ఎక్కువై పొద్దునా సాయంత్రమూ పైనుంచి నీళ్ళు పోశాడు. చూస్తుండగానే మొక్క నడుమ నల్లబడింది, ఆకులు కుళ్ళి జారిపోయాయి. భార్య నెమ్మదిగా అంది.

“అదేం గిరాకీ తల కాదు కదండీ, కూర్చోబెట్టి తడపడానికి. దాని మానాన దాన్ని వదిలెయ్యండి.”

ఆయన మనసు చివుక్కుమంది. అయినా మాట విన్నాడు. కుళ్ళిందంతా తీసేసి, వేరున్న ఒక్క పిలకను గోడవార కంకర కలిసిన చోట నాటాడు. వేరు పట్టేదాకా కాస్త తడిపి, తర్వాత ఊరుకున్నాడు. ఆ వేసవి కుళాయిలు మొండికేశాయి. తాగే నీళ్ళకే కటకటగా ఉంటే మొక్క సంగతి ఎవరికి పట్టింది? వీధిలో కుండీలన్నీ ఎండిపోయాయి. ఒకనాడు తువ్వాళ్ళు ఆరేయబోయి చూస్తే, పిలక కాస్తా చేటంత అయి కూర్చుంది.

ఇక పాత ప్రశ్న ఆయన్ని నిలవనివ్వలేదు. గిరాకీ లేని ఒక పొద్దున కత్తికి కొత్త బ్లేడు వేసి, ఒక ఆకును అరచేతిలో పరిచి, కాడ తెగకుండా నూగంతా గీసేశాడు. కింద పచ్చటి చర్మం బయటపడింది. మెట్ల మీద నుంచి భార్య చూసి, మనుషుల తలలు అయిపోయాయా అని అడిగింది. మధ్యాహ్నానికల్లా ఆ ఆకు వడలి అంచులు ముడుచుకుంది. పక్కనున్నది నిక్షేపంగా ఉంది.

“చూశావా, ఆ జుట్టే దానికి గొడుగు,” అన్నాడు గొప్పగా.

“మీ కత్తి గాటు పడి వాడిందేమో?”

అదీ తేల్చుకోవాలనుకున్నాడు ఆయన. మర్నాడు ఇంకో ఆకును నూగు తీయకుండా ఉంచి, దాని మీద కావాలనే సన్నగా గాట్లు పెట్టాడు. పక్కనే మరొకదానికి మళ్ళీ గడ్డం గీశాడు. కత్తెర ఆడిస్తున్నా ధ్యాసంతా పెరటి మీదే. కుర్చీలోని గిరాకీ తన చెవి ఎక్కడ తెగుతుందోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. అంతలో వెనక గుమ్మంలోంచి భార్యే పిలిచింది. పొయ్యి మీద వంట వదిలి మొక్క దగ్గర గొంతుక్కూర్చుని ఉంది ఆవిడ.

“ఇలా రండి. గాట్లు పెట్టింది నిలబడే ఉంది. గీసిందే వాలిపోయింది.”

మరి తడి తగిలితే అదే జుట్టు ఎందుకు కుళ్ళబెట్టిందో ఆవిడే అడిగింది. నూగు నీటి చుక్కను పట్టుకుని వదలదనీ, తలకి చుట్టిన తడి తువ్వాలు లాంటిదే అదీననీ ఇద్దరూ కలిసి తేల్చుకున్నారు. అప్పటినుంచి ఎప్పుడైనా నీళ్ళు పోస్తే మొదలు దగ్గరే పోశారు, ఆకు మీద కాదు.

రెండేళ్ళకి గోడవారంతా బూడిదరంగు దుప్పటి పరుచుకుంది. వంతు కోసం కూర్చున్నవాళ్ళు వెనక్కి వచ్చి ఆకుల్ని నిమిరిపోవడం మొదలుపెట్టారు. ఈ ఏడు మొక్కలోంచి నిటారుగా పూల కాడలు లేచాయి. కత్తిరిస్తే మొక్క దట్టంగా అల్లుకుంటుందని ఆయన, ఉంచితే తేనెటీగలొస్తాయని ఆవిడ. చివరికి ఎడమ సగం ఆయన కత్తిరించాడు, కుడి సగం ఆవిడ ఉంచింది. ఎవరిది గెలుస్తుందో చూద్దామని ఇద్దరూ రోజూ టీ గ్లాసులతో ఆ గుమ్మంలోనే కూర్చుంటున్నారు.