ఎత్తి పోసిన నీళ్ళు

ఆ ఉదయం నేను చేసిన తప్పు, దాహంగా ఉన్నవాళ్ళకు నీళ్ళు పోయడం. ఇలా రాస్తే ఇది తప్పెలా అవుతుందో చదివేవారికి అర్థం కాదు. నాకూ ఆ పూట అర్థం కాలేదు. పైగా ఇంటికి వచ్చి, తడిసిన ధోవతి అంచు పిండుకుంటూ, చాలా రోజుల తర్వాత ఒక మంచి పని చేశానని తృప్తి పడ్డాను.

అది ముప్పైల దశకం చివర. పాతబస్తీలో గాజుల దుకాణాల వెనక ఒక గల్లీలో మా కాపురం. నేను చిన్న తెలుగు బడిలో పంతులును. గల్లీ మొదట్లో ఒక బట్టల సావుకారి ఇల్లు ఉండేది. ఆ ఇంటి వెనక భాగంలో రెండు గదులు అద్దెకు తీసుకుని నేనూ నా భార్యా ఉండేవాళ్ళం. గల్లీ మలుపులో సర్కారు వేయించిన నల్లా. మలుపు దాటి, పాడుబడ్డ గోడ అవతలికి వెళ్తే తోలుపని చేసే మాదిగల వాడ.

నల్లా దగ్గర ఎవరు నీళ్ళు పట్టుకోవాలో, ఎవరు పట్టుకోకూడదో సర్కారు ఎక్కడా రాయలేదు. రాయకుండానే అందరికీ తెలుసు. వాడ ఆడవాళ్ళు బిందెలు దూరంగా నేల మీద పెట్టి పక్కకు జరిగి నిలబడాలి. మా వాళ్ళలో తీరిక ఉన్న ఇల్లాలు ఎవరైనా తన బిందె నింపుకున్నాక, అంచుకు అంచు తగలకుండా ఎత్తి పోస్తుంది. తీరిక లేకపోతే ఆ రోజుకు లేదు. వాళ్ళ వాడలో ఒక బావి ఉంది గాని అది ఉప్పునీళ్ళది. ఎండాకాలం వస్తే అడుగున బురద తప్ప ఏమీ ఉండేది కాదు.

ఆ వాడలో ఒక ముసలామె ఉండేది. అందరం అవ్వ అనేవాళ్ళం. ఆమె భర్త, బతికి ఉన్నప్పుడు, భిస్తీలు నీళ్ళు మోసే తోలు మశ్కులు కుట్టేవాడు. ఒక ఉగాది వెళ్ళిన తర్వాత ఆమె తన కోడలినీ, ఇంకా కొంతమంది ఆడవాళ్ళనూ వెంటబెట్టుకుని వచ్చి నల్లా వరుసలో నిలబడింది. బిందె నేల మీద పెట్టలేదు, చంకలో పెట్టుకుంది. వంతు వచ్చినప్పుడు మా వాళ్ళు ఆమెను పక్కకు నెట్టారు. ఆమె ఎవరినీ ఏమీ అనకుండా వరుస చివరికి వెళ్ళి మళ్ళీ నిలబడింది. నల్లా ఆగిపోయాక ఖాళీ బిందెతో ఇంటికి వెళ్ళింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత రోజూ అదే.

తన వెంట వచ్చినవాళ్ళకు ఆమె ఒక్క నియమం పెట్టింది. నల్లా దగ్గర ఎవరూ ఎవరినీ తిట్టకూడదు. మా గల్లీలో నల్లా అంటేనే తిట్లు. అందుకే ఆ మౌనం మా వాళ్ళకు ఎక్కడో గుచ్చుకునేది.

ఆమె బిందెను చింతపండూ బూడిదా వేసి అద్దంలా తోమి తెచ్చేది. దాన్ని చూసి నవ్వేవాళ్ళు.

"ఏందే ముసలిదానా, రోజూ గిట్ల తళతళ తోమి తెస్తవ్? బిందెకు పెండ్లా?" అని ఒకామె అడిగింది.

"సూడ వచ్చినోళ్ళు నచ్చిందంటే చేస్త తల్లీ" అంది అవ్వ. ఆ మాటకు వరుసలో మా వాళ్ళే నవ్వు ఆపుకోలేకపోయారు.

అటుగా మశ్కు మోసుకుంటూ పోయే భిస్తీ ఒకసారి ఆగి, "అవ్వా, నీ పెనిమిటి కుట్టిన మశ్కే గిది. ఇంత నీళ్ళు పోస్త, ఫికర్ ఎందుకు?" అన్నాడు.

"నీ దయ ఉండనీ భాయ్. నీ దిక్కు నుంచి నాకు ఎన్నడూ తక్కువ కాలే. నాది గీ నల్లా కాడి పని" అంది.

ఇదంతా నేను మా అరుగు మీద నిలబడి చూసేవాడిని. దేశంలో అక్కడక్కడ జనం చెయ్యెత్తకుండా దెబ్బలు తిని జైళ్ళకు పోతున్న కాలం అది. పత్రికలు వచ్చినప్పుడు వాటిని గట్టిగా చదివి పది మందికి వినిపించేవాడిని. అవ్వ చేస్తున్నది అదే పని అని తెలుసు. చూడగానే గుండె నిండేది. కాని అరుగు దిగలేదు. మా ఇంట్లో నా భార్య తెల్లవారకముందే వెళ్ళి పట్టుకొచ్చిన బిందెలు నిండుగా ఉండేవి.

ఎండలు ముదిరాయి. ఒక రోజు వరుసలో అవ్వ వంతు వచ్చినప్పుడు, ముందున్న మా గల్లీ ఇల్లాలు ఒకామె అవ్వకు చోటిస్తున్నట్టు తన బిందెను కాలితో కొంచెం పక్కకు జరిపింది. కాలితోనే. అయినా జరిపింది. వెంటనే వెనక నుంచి ఎవరో గదమాయిస్తే మళ్ళీ యథాస్థానానికి లాక్కుంది. నేను చూశాను. అవ్వ కూడా చూసే ఉంటుంది. ఆ సాయంత్రం వాడలో ఆడవాళ్ళు ఆ సంగతే చెప్పుకున్నారని తర్వాత తెలిసింది.

నేను తప్పు చేసింది మర్నాడే. అవ్వ కోడలు చంకలో పసిపిల్లను వేసుకుని వచ్చింది. పిల్ల ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది, పెదవులు ఎండి అట్టలు కట్టాయి. నల్లా ధార వేలంత సన్నగా వస్తోంది. వాళ్ళను రెండుసార్లు వెనక్కి నెట్టారు. నేను ఇంక చూడలేకపోయాను. అరుగు దిగి, ఆ రోజు ఆలస్యంగా నల్లాకు వచ్చిన నా భార్య అప్పుడే నింపిన బిందెను ఆమె చేతిలోంచి తీసుకుని, వాడ ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

"బిందెలు కింద పెట్టున్రి" అన్నాను.

కోడలు అత్త వైపు చూసింది. తర్వాత పిల్ల వైపు చూసి బిందె కింద పెట్టింది. మిగతావాళ్ళూ పెట్టారు. అందరికీ పోశాను. మళ్ళీ నల్లా దగ్గరికి వెళ్ళి నింపి తెచ్చి పోశాను. మా వాళ్ళు ఎవరూ నన్ను ఆపలేదు. ఆపకపోవడమే నాకు గొప్పగా అనిపించింది. చిన్నప్పటి నుంచి చూసిన అలవాటు ప్రకారం ఎత్తి పోశాను. నా బిందె అంచు వాళ్ళ బిందెల అంచుకు తగలలేదు. తగలనీయలేదన్న ఎరుక కూడా అప్పుడు నాకు లేదు.

అవ్వ వంతు వచ్చేసరికి ఆమె తన బిందెను నేల మీద బోర్లించింది. కాసేపు దాని పక్కన కూర్చుని, లేచి వెళ్ళిపోయింది. ముసలి పంతం అనుకున్నాను.

ఆ సాయంత్రం సావుకారు నన్ను పిలిచి మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పంతులూ, మస్తు మంచి పని చేసినవ్. గింతోటి ఉపాయం మాకు ఇన్ని దినాల సంది తోచకపాయె" అన్నాడు. "వాళ్ళకు గావాల్సింది నీళ్ళే గద. మా జీతగాడు రోజూ పొద్దుగాల గోడ కాడ పోస్తడు. వాళ్ళు లైన్ల నిలబడేది బంద్ పెట్టాలె. లొల్లి ఖతం."

వాడకు వెళ్ళి ఈ మాట చెప్పింది కూడా నేనే. ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకోరు? ఖాళీ బిందెలు మోసి మోసి విసిగిపోయారు. అవ్వ ఎదురు చెప్పబోతే కోడలే అడ్డుపడింది.

"మన చేతుల్తోనే పట్టుకోవాలె అంటవ్ గని అత్తా, చెయ్యి పట్టుకొని తాగుతమా? పోరికి నీళ్ళు గావాలె."

పిల్ల జ్వరం తగ్గింది. నా తృప్తి ఇంకా పెరిగింది. నల్లా దగ్గర వరుసలో వాడ వాళ్ళు ఎవరూ లేకుండా పోయారు, అవ్వ తప్ప. ఆమె ఒక్కతే వచ్చి నిలబడేది. గుంపుగా ఉన్నప్పుడు ఆ మౌనానికి ఒక బరువుండేది. ఒక్కతే అయ్యేసరికి మా వాళ్ళకు అది పిచ్చిలా కనిపించింది. బిందె జరిపిన ఇల్లాలు కూడా ఆమె వైపు చూడడం మానేసింది. చూడవలసిన అవసరం నేను లేకుండా చేశాను.

రోహిణి ఎండలకు నల్లా ధార మరీ సన్నబడింది. సావుకారి ఇంటికే చాలడం లేదు. జీతగాడు ముందు ఒక పూట మానేశాడు, తర్వాత పూర్తిగా మానేశాడు. వాడ ఆడవాళ్ళు మళ్ళీ వరుసలోకి వస్తే, "మీకు గోడ కాడ పోస్తున్నం గద, మల్ల ఇక్కడికెందుకు వచ్చిన్రు?" అని తరిమారు. నేను సావుకారిని అడిగాను. "వాన పడనీ పంతులూ, సూద్దం" అన్నాడు. నేను ఇంకోసారి అడగలేదు. అద్దె ఇంట్లో ఉన్నవాడిని, ఆయన పిల్లలు నా బడిలో చదువుతున్నారు అని నాకు నేనే చెప్పుకున్నాను.

వాళ్ళు బావి అడుగు నీళ్ళు తోడుకుని గుడ్డలో వడగట్టి తాగారు. వాడలో గత్తర లేచింది. వాంతులూ విరేచనాలతో మనుషులు ఒక్క పూటలో పోయారు. అవ్వ ఇంట్లో పసిపిల్ల పోయింది.

ఆ కబురు విన్న రోజు బడిలో పాఠం చెప్పలేకపోయాను. మర్నాడు వాడకు వెళ్ళాను. కోడలు గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అవ్వ వాకిట్లో కూర్చుని బిందె తోముతోంది. లోపల గూట్లో దీపం కనిపించింది. రోజూ నల్లాకు బయలుదేరే ముందు ఆమె ఆ దీపం ముందు బిందె పెట్టి, కళ్ళు మూసుకుని, ఎవరో గురువు ఉపదేశించిన నామం చెప్పుకుంటుందని విన్నాను.

"నాతో తప్పయింది అవ్వా" అన్నాను.

ఆమె తోమడం ఆపలేదు. "అయింది" అంది.

నేనే అడిగాను. "ఇంకా నల్లా కాడికి పోతవా? ఇంత అయినంక కూడా నీకు నమ్మకం ఉన్నదా?"

"ఉన్నదని ఎవరు చెప్పిన్రు?" అంది. "ఒక్కోనాడు దీపం ముట్టిస్త గని దండం పెట్ట బుద్ధి కాదు. నిన్న అసలే పెట్టలే. అయినా బిందె తోమిన, పోయిన. తోముతాంటే చేతులకు జర ధైర్యం వస్తది. అటెన్క మనసుకు వస్తే వస్తది, లేకుంటే లేదు."

"నేనేం చెయ్యాలె?"

ఆమె అప్పుడు తల ఎత్తి నన్ను చూసింది. "నీ ఇంట్ల బిందె ఉన్నదా?"

"ఉన్నది."

"తెచ్చుకొని నిలబడు. ముందల గాదు, మా ఎనక. మాకు పొయ్యకు. మా తరఫున మాట్లాడకు. మేం పట్టుకున్నంక నువ్వు పట్టుకో."

మర్నాడు అలాగే వెళ్ళాను. అవ్వ, ఆమె వెనక మళ్ళీ కూడదీసుకుని వచ్చిన నలుగురైదుగురు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక నేను. వరుసలో మగవాడిని నేనొక్కడినే.

"పంతులమ్మకు పానం బాగలేదా ఏంది?" అని ఒకామె అంది.

"ఆమెకేమైంది, పంతులే పంతులమ్మ అయిండు" అని ఇంకొకామె అందుకుంది.

అవ్వ వంతు వచ్చింది. పక్కకు నెట్టారు. ఒక పెద్దావిడ నన్ను చూసి మర్యాదగా, "మీరు రాండ్రి పంతులూ, మీది మీరు పట్టుకోండ్రి" అంది. నల్లా నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. ఇంట్లో నీళ్ళు లేవు. నిజం చెప్పాలంటే ఒక అడుగు వేశాను కూడా. ఆగి, "నా ముందున్నోళ్ళు పట్టుకున్నంక" అన్నాను. నల్లా ఆగిపోయింది. ఖాళీ బిందెతో ఇంటికి వచ్చాను. ఆ బిందె నిండు బిందె కంటే బరువుగా ఉందని రాస్తే అబద్ధం. తేలికగానే ఉంది. సిగ్గు మాత్రం బరువుగా ఉంది. అది వాళ్ళు రోజూ మోసిన సిగ్గు.

నా భార్య బిందెలోకి తొంగిచూసింది. "మీ పున్నెం కుండల పోసుకొని తాగుదమా?" అంది. సావుకారి పెరట్లో ఉన్న చేదబావి ఉప్పునీళ్ళతోనే వంట చేసింది. పప్పు ఉడకలేదు. పలుకు పలుకుగా ఉన్న పప్పుతోనే ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం. ఆమె నన్ను తిట్టింది, ఏడ్చింది, గాని తను వెళ్ళి నీళ్ళు పట్టుకు రాలేదు. ఆ మాట ఆమె గురించి చెప్పాలి.

వానలు పడకముందే సావుకారు గదులు ఖాళీ చేయమన్నాడు. పాడుబడ్డ గోడకు ఆనుకుని ఉన్న ఒక కొట్టులోకి మారాం. బడికి పిల్లలు తగ్గి చివరికి బడే మూతపడింది. ఒక ఉదయం ఒక కుర్రాడు అవ్వ బిందెను తన్నాడు. నేను చెయ్యెత్తాను. అవ్వ నా వైపు చూడగానే దించాను. చెయ్యి దించాను గాని లోపల కోపం ఎన్నాళ్ళకూ దిగలేదు. అవ్వలాంటి శాంతం నాకు రాలేదు. రాకపోయినా మర్నాడు వెళ్ళి నిలబడ్డాను.

అలా ఎన్నో ఎండాకాలాలు గడిచాయి. సావుకారూ, ఆయన స్థాయి వాళ్ళూ తమ ఇళ్ళలోపలికే నల్లాలు వేయించుకున్నారు. వీధి నల్లా దగ్గర మిగిలింది బీదవాళ్ళు. నెట్టేవాళ్ళు తగ్గారు. ఒక ఉదయం అవ్వ వంతు వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. అంతే. మనసులు మారి దారి ఇచ్చారో, పంతం పట్టే పెద్దలు లేక ఊరుకున్నారో నేను చెప్పలేను. ఆమె బిందెను ధార కింద పెట్టింది. నిండేదాకా ఒక చెయ్యి దాని అంచు మీదే ఉంచింది. ముసలితనంతో ఎత్తలేకపోతే కోడలు వచ్చి ఎత్తుకుంది. కోడలు ఆ రోజూ నా వైపు చూడలేదు. పిల్ల పోయిన తర్వాత నాతో ఎన్నడూ మాట్లాడలేదు. అందులో ఆమె తప్పు లేదు.

అవ్వ తర్వాత వాడ ఆడవాళ్ళు ఒక్కొక్కరే పట్టుకున్నారు. నా వంతు రాకముందే నల్లా ఆగిపోయింది. మర్నాడు నా బిందె తీసుకుని వెళ్ళి, మళ్ళీ వాళ్ళ వెనకే నిలబడ్డాను.