పేరు పలకకూడని మనిషి

మొన్న శ్రావణంలో, రాఖీ పండగ ఇంకా రాకముందే, నా భోజలి పోయింది. పొద్దున్నే టీ తాగుతూ మా అబ్బాయి ఫోన్‌లో చూసి చదివాడు. మాజీ ఎమ్మెల్యే, సొంత ఊళ్లో, నిద్రలోనే పోయిందట. వాడు పేరు చదవగానే చప్పున చెవులు మూసుకున్నాను. అలవాటు. మూసుకున్నాక సిగ్గేసింది. ఆ పేరు నా నోటితో పలికినదాన్ని, ఇక చెవులు మూసుకుని ఏం లాభం?

భోజలి అంటే ఏమిటో ఇటు రాయపూర్ వైపు రాని తెలుగువాళ్లకి చెప్పాలి. ఇక్కడి పల్లెల్లో శ్రావణమాసంలో ఆడవాళ్లు బుట్టలో మట్టి పోసి గోధుమలు చల్లి, చీకటి గదిలో పెట్టి పసుపునీళ్లు చిలకరిస్తారు. ఎండ తగలదు కాబట్టి మొలకలు పచ్చగా కాక పసుప్పచ్చగా లేస్తాయి. రాఖీ మర్నాడు పాటలు పాడుకుంటూ వాటిని నీళ్లలో వదులుతారు. మిగిలిన నాలుగు మొలకల్ని ఇద్దరు ఆడవాళ్లు ఒకరి చెవి మీద ఒకరు దోపుకుంటే ఇక జన్మంతా చుట్టాలే. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. 'భోజలీ' అనే పిలుచుకోవాలి. ఒకరింట చావైతే రెండో వాళ్లకీ మైల.

రాయపూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది ఆవిడ నా చెవి మీద మొలకలు దోపింది. అప్పుడు మేం డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. ఆవిడ తన ఊరి నుంచి ఎర్రతోటకూర గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. నేనేమో నాలుగో తరగతి, ఆవిడకి సంతకం మాత్రం వచ్చు. మా గుమ్మం మెట్టు మీద కూర్చుని సాసర్లో టీ పోసుకుని తాగేది. గ్యాసు కట్టేశానో లేదోనని నేను మూడుసార్లు లోపలికి వెళ్లొస్తుంటే నవ్వేది. "చింతా ఝన్ కర్, భోజలీ" అనేది. చింత పెట్టుకోకు అని. నా జీవితంలో ఎక్కువసార్లు విన్న మాట అదే.

తర్వాత ఆవిడ ఊరికి సర్పంచి అయింది. ఆ తర్వాత ఎమ్మెల్యేకి నిలబడింది. వాళ్ల నియోజకవర్గం అంచున, ఫ్యాక్టరీల పక్కన మన తెలుగువాళ్ల బస్తీ ఒకటుంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి పనికొచ్చినవాళ్లు. వాళ్ల దగ్గరికి నన్ను తీసుకెళ్లింది. నేను ఇంటింటికీ వెళ్లి కాగితం మీద ఆవిడ బొమ్మ చూపించి, గుర్తు చూపించి, "ఈవిడకే వెయ్యండమ్మా" అనేదాన్ని.

"ఈవిడంటే ఎవురమ్మా? పేరు నేదేటి?" అని అడిగేవాళ్లు.

నేను మళ్లీ ఆ బొమ్మే చూపించేదాన్ని. ఒక ముసలామె పకపకా నవ్వింది. "ఓలమ్మో, పెనిమిటి పేరు సెప్పనట్టు సిగ్గుపడిపోతంది సూడండే!"

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "ఏటే, ఓట్లడగడానికెల్లి పేరు సెప్పకుండా వచ్చేసినావా? నిన్ను తీసుకెల్లినందుకు ఆ మనిషి ఓడిపోద్ది సూడు" అన్నారు. ఆవిడ గెలిచింది. బస్తీ వాళ్లు ఆవిణ్ని 'పేరులేనమ్మ' అని ముద్దుగా పిలిచేవాళ్లట.

ఎమ్మెల్యే అయ్యాక కూడా మా ఇంటికి వచ్చేది. సందులో అడ్డమని కారు మలుపులోనే ఆపించి నడిచొచ్చేది. చేతిలో తోటకూర కట్టలు. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, అదే మెట్టు. ఎవరు ఏ పని అడిగినా పైట కొంగుకి ఒక ముడి వేసుకునేది. ఒక ఊరి గొట్టపుబావి ఒక ముడి, ఒక విధవరాలి పింఛను ఒక ముడి. పని అయ్యాకే విప్పేది. ఏ రోజు చూసినా కొంగు ఉండలు కట్టి ఉండేది. నా దిగుళ్లకి కూడా ఒక ముడి వెయ్యమని అడిగాను ఒకసారి.

"నీ దిగుళ్లకి ముడులు వెయ్యాలంటే నాకు చీర చాలదు భోజలీ, గుడ్డ తాను కొనాలి" అంది.

రెండోసారి ఓడిపోయింది. ఊరంతా ఏడ్చింది, ఆవిడ మాత్రం మర్నాడే పొలంలో దిగింది. "ఓటు ఐదేళ్లకోసారి అటూ ఇటూ పోతుంది. పోనీ. భోజలి పోదు కదా" అంది.

మూడోసారి నిలబడినప్పుడు జరిగింది ఇప్పుడు రాయాలి. పదిరోజులుగా రాయడం, కొట్టేయడం.

అప్పటికి మా ఆయన పోయారు. మా అబ్బాయి ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆ యజమాని అవతలి అభ్యర్థి మనిషి. ఓట్లకి పదిరోజులుందనగా మా అబ్బాయి అన్నాడు, "అమ్మా, ఈపాలి ప్రచారానికెల్లకే. ఎవులెవులు తిరుగుతన్నారో ఆఫీసులో పూఛ్‌తాఛ్ చేస్తన్నారు. నౌకరీ పోద్ది." మర్నాడు మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. నీళ్లు అడిగి తాగారు.

"అమ్మాజీ, ఆవిడ మీకు ఏమవుతుంది?"

"ఎవరు?" అన్నాను.

వాళ్లు నవ్వి నా వైపే చూశారు. అప్పుడు నేను ఆవిడ పేరు పలికాను. ఇంటిపేరుతో సహా. పలికి, "ఆ కూరలమ్మే ఆవిడా? ఎప్పుడో కూరలు కొన్నాను. నాకేమీ కాదు" అన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు అన్నాను. నమ్మరేమోనని.

వాళ్ల భుజాల వెనక గేటు కనబడుతోంది. గేటు దగ్గర ఆవిడ నిలబడి ఉంది, చేతిలో తోటకూర సంచి. ఎప్పుడొచ్చిందో తెలియదు. నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. సంచిని చప్పుడు కాకుండా గోడ మీద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయింది. వాళ్లు వెనక్కి తిరిగి చూస్తే నా మాట అబద్ధమని తెలిసిపోతుంది కదా. అప్పుడు కూడా నన్ను కాపాడే వెళ్లింది.

మోకాళ్ల నొప్పులని కబురు పంపాను. ఆ ఏడాది బస్తీకి వెళ్లలేదు. ఆవిడ ఓడిపోయింది. ఎంత తేడాతో అని మా అబ్బాయిని అడిగాను. వాడు చెప్పలేదు. పక్కింటావిడ చెప్పింది: ఆ బస్తీలో ఉన్న ఓట్లకన్నా తక్కువ తేడాతోనట. పార్టీవాళ్లు మళ్లీ ఆవిడకి టికెట్ ఇవ్వలేదు.

ఓడిపోయిన నెలకి ఒక్కసారి వచ్చింది. "సీతారామ్ భోజలీ" అని ఎప్పటిలాగే మెట్టు మీద కూర్చుంది. సాసర్లో టీ. కొంగుకి ఇంకా ముడులున్నాయి. నేను చూడటం చూసి, "ఇవి విప్పడానికి నాకు కుర్చీ లేదు ఇప్పుడు. ఊరికే మోస్తున్నాను" అంది. చెప్పాలని నోరు తెరిచాను. "గ్యాసు కట్టేశానో లేదో" అని లోపలికి వెళ్లిపోయాను. పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేసరికి మెట్టు ఖాళీ, గ్లాసు, సాసరు కడిగి బోర్లించి ఉన్నాయి. తర్వాత ఏటా రాఖీకి కబురు పంపేది, రమ్మని. నేను మోకాళ్లే చెప్పేదాన్ని.

ఇప్పుడు, కబురు విన్న పూటే ఆవిడ ఊరికి వెళ్లాను. మోకాళ్లు ఏమీ అడ్డం రాలేదు.

బయట కుర్రాళ్లు ఆవిడ పేరు అరుస్తూ 'అమర్ రహే' అంటున్నారు. నేను లోపలికి, ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాను. చీకటి గదిలో మూల ఒక బుట్ట. పోయే నాలుగురోజుల ముందు ఆవిడే గోధుమలు చల్లిందట. నన్ను ఎరగని పెద్దకోడలు, పాపం, ఏడ్చి ఏడ్చి ఉన్న గొంతుతో అడిగింది, "అమ్మాజీ, మీరు బయటివాళ్లేగా? ఆ బుట్టకి కాస్త నీళ్లు చిలకరిస్తారా? మాకు మైల, ముట్టకూడదు."

ఆ ఇద్దరు మనుషులు అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగినట్టయింది నాకు.

"నేను బయటిదాన్ని కాదమ్మా," అన్నాను. "నాకూ మైలే."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. "మీరా? తెలుగు భోజలి? అత్త ఎప్పుడూ చెప్పేది. 'ఓట్లు అడిగేటప్పుడు కూడా నా పేరు పలకని మనిషి, ఒక్కసారి కూడా పలకలేదు' అని."

కాదమ్మా, పలికాను అని అక్కడ చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పొరుగింటి ఆవిడ ఎవరో వచ్చి బుట్ట మీద నీళ్లు చిలకరించింది. వేలెడంత లేచిన మొలకలు, ఎండ మొహం చూడనివి, పసుప్పచ్చగా. నీటి బరువుకి అన్నీ ఒకసారి వంగి, చుక్కలు జారాక, ఒక్కొక్కటే మెల్లగా లేచి నిలబడ్డాయి.